సెదల మాస్టారు

మొన్న సాలూరు నుంచి మా మరిది వచ్చాడు. వాడిది లారీల వ్యాపారం. భోజనం దగ్గర టైర్ల ధరలు, డ్రైవర్ల ఆగడాలు, ఎవరింట్లో ఎవరికి సంబంధం కుదిరిందో ఆ వివరాలు అన్నీ అయిపోయాక, మజ్జిగ పోసుకుంటూ, "అన్నట్టు వదినా, మీ సెదల మాస్టారు పోయేర్ట. తెలుసునా? సాన్నాళ్లయిందంట" అన్నాడు. అని, కాస్త ఊరగాయ వెయ్యమన్నాడు.

ఊరగాయ వేశాను. వేసి, జాడీ మూత చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మనిషి పోయిన కబురు మజ్జిగకీ ఊరగాయకీ మధ్య ఇలా వచ్చి పడడం నాకు చాలా కష్టమనిపించింది. ఆయన అసలు పేరేమిటని అడిగితే మా మరిదికి తెలియదు. ఊళ్లో సగం మందికి తెలియదు. నాకు తెలుసు గాని రాయను. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పేరుతో ఎవరూ పలకరించలేదు, ఇప్పుడు కొత్తగా నేను మొదలుపెట్టడం ఎందుకు?

అరవైల చివరి రోజులవి. విజయనగరంలో ఒక చిన్న మ్యూజియంలో నేను టైపిస్టుని. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎవరో చిన్న జమీందారు గారి పాత గుర్రాలశాల అది. గుర్రాలు పోయి, జమీందారీ పోయి, ఆ గదుల్లోకి వాళ్ల పల్లకీలు, చెక్కిన తలుపులు, ఊళ్లలో మూలపడ్డ ఊరేగింపు వాహనాలు వచ్చి చేరాయి. ఒక్క కత్తుల గది తప్ప అన్నీ కర్ర సామాన్లే. ఒక హంసకి ముక్కు లేదు, ఒక గుర్రానికి తోక లేదు. వాటన్నిటికీ అధికారి మాస్టారు. మద్రాసులో చదువుకుని వచ్చిన మనిషి. ఆయన కింద నేను, వాచ్‌మన్ సింహాచలం. అంతే మా సిబ్బంది.

మాస్టారికి కుర్చీ చూపిస్తే కూర్చునేవారు కాదు. ముందు వంగి, వేలి కణుపుతో దాని కాళ్ల మీద కొట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు కూర్చునేవారు. ఎవరింటికి వెళ్లినా అదే వరస. ఒకసారి సింహాచలం చెల్లెలి పెళ్లికి వెళ్లాం. వధూవరులు కూర్చోబోతుంటే "ఒక్క నిమిషం" అని ఆపి పీటలు తిరగేసి చూశారు. పురోహితుడికి ఒళ్లు మండిపోయింది. "మూడు ముళ్లు పడేదాకా నిలబడతాయి లెండి, కానివ్వండి" అని మాస్టారు పీటలు తిరిగి పెట్టేశారు. ఆడపెళ్లివారు ఏమనుకోవాలో తెలియక ఆయనకి రెండోసారి పానకం ఇచ్చారు. నేనైతే తల ఎత్తలేకపోయాను.

మెడలో నల్లదారానికి భూతద్దం వేలాడుతుండేది. జేబులో పాత మందుసీసాలు, వాటిలో చెదపురుగులు. కత్తులు చూద్దామని బడిపిల్లలు వచ్చేవారు. వాళ్లకి ముందు ఈ సీసాలు చూపిస్తే గాని కత్తుల గదిలోకి పంపేవారు కాదు.

"ఏటిది? సీమా, సెదా?" అని అడిగేవారు.

"తెల్ల సీమండి" అనేవారు పిల్లలు.

"సీమ కాదు. సీమకి నడుముంటాది, సన్నగా. దీనికి నడుం ఉన్నాదేటి? మీ మేష్టారి లాగ నిలువుగా ఒక్కటే ఉన్నాది. సీమకి మీసం మోచెయ్యిలాగ వంగుంటాది. దీని మీసం పూసలదండ లాగ తిన్నగా ఉంటాది. రెక్కలు సూడు, నాలుగూ ఒక్క పొడవు. సీమకలా ఉండవు." అని, పిల్లల్ని తీసుకొచ్చిన ఉపాధ్యాయుడి వంక చూడకుండా తర్వాతి సీసా తీసేవారు.

ఇంత చదువుకున్నాయన మద్రాసు ఇంగ్లీషు కాయితాల మీదే ఉంచి, నోటితో మా ఊరి మాటే మాట్లాడేవారు. ఆయనకి మర్యాద తెలియదని పైఅధికారులు అనేవారు. తెలుసు. అక్కర్లేదనుకునేవారు.

ఆయన పని చేసే పద్ధతి ఒకటుండేది. సాయంత్రం మ్యూజియం మూసేటప్పుడు ప్రతి కర్ర సామాను కిందా నల్ల కాగితం పరిచేవారు. ఫోటోస్టూడియో వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకునేవారు ఆ కాగితాలు. పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, దేవుడి గదిలోకి వెళ్లినట్టు ఒక్కొక్క కాగితం దగ్గరా కూర్చుని చూసేవారు.

"తినీదాన్ని ఎతక్కు అమ్మాయ్, అది కనపడదు. తినీసి ఏటి వొదిలిందో అది సూడు" అనేవారు నాతో. "పిండి రాలితే పుచ్చుపురుగు. గసగసాల్లాగ గింజకట్టి రాలితే కర్రలోనే కాపరం పెట్టిన సెద. దానికి మట్టీ అక్కర్లేదు, తడీ అక్కర్లేదు. ఏటీ రాలకుండా కింద నుంచి మట్టిగొట్టం కట్టుకుని పైకొస్తే అది నేలసెద. ముగ్గురు దొంగలకీ మూడు మందులు. దొంగెవడో తెలీకుండా మందెడితే దొంగకి బలం, సామానుకి నీరసం."

నా టైపు బల్ల కాళ్లకి కొబ్బరిచిప్పలు పెట్టి కిరసనాయిలు పోశారు. చీర కుచ్చిళ్లు రోజూ అందులో మునిగేవి. ఇంటికి వెళ్తే మా ఆయన "స్టవ్వు వెలిగించొచ్చేవా, ఆఫీసుకెళ్లొచ్చేవా" అని అడిగేవాడు. ఒకరోజు కోపమొచ్చి చిప్పలు తీసి పారేశాను. మర్నాడు మళ్లీ ఉన్నాయి, ఈసారి కొంచెం పెద్దవి. ఆయనతో దెబ్బలాడి గెలవడం అయ్యేపని కాదు. ఎందుకంటే ఆయన దెబ్బలాడేవారు కాదు.

తొలకరి వాన పడ్డ సాయంత్రం చూడాలి ఆయన్ని. రెక్కల చెదలు, మా వైపు ఉసిళ్లంటాం, అవి నేలలోంచి లేచి దీపానికి ఎగబడతాయి. వాన వెలియగానే గదుల్లో దీపాలన్నీ ఆర్పించి, కిటికీలు మూయించి, వీధి దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టించేవారు. సింహాచలం భార్య పళ్లెంలో పడ్డ ఉసిళ్లని రెక్కలు చెరిగి, ఉప్పేసి వేయించి, మరమరాల్లో కలిపి తెచ్చేది. మాస్టారు గుమ్మంలో గొంతుక్కూర్చుని గుప్పెళ్లతో తినేవారు. "ఏడాదంతా మన సొమ్ము ఇవి తిన్నాయి అమ్మాయ్. ఒక్క పూట మనం తిందాం, రా." నేను ముట్టుకోలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఆ నవ్వు కోసమైనా ఒక గుప్పెడు తినాల్సింది. ఆయన అంతగా నవ్వడం నేను తరవాత చూడలేదు.

ఇక అసలు సంగతి రాయాలి. రాయకుండా ఉందామనే ఇన్నాళ్లూ ఉన్నాను. మాస్టారు పోయారు కాబట్టి రాస్తున్నాను, అదీ ఆ ఊరి పేరు లేకుండా.

భావనపాడు వైపు సముద్రం ఒడ్డున ఒక చేపలపల్లె. ఆ పల్లె అమ్మవారు కర్ర విగ్రహం. అయిదారేళ్ల పిల్లంత ఉంటుంది. తాటాకు పాకలో కూర్చుని సముద్రం వైపు చూస్తుంటుంది. పాత సామాన్ల కోసం ఊళ్లు తిరుగుతూ మాస్టారు అక్కడికెళ్లారు. అమ్మవారి పీఠం మీదికి నేలలోంచి మట్టిగొట్టం పాకడం చూశారు. చూసి ఊరుకోగలరా? విగ్రహాన్ని మ్యూజియానికి ఇస్తే చెద వదలగొట్టి, పండగనాటికి పదిలంగా తెచ్చి ఇస్తానన్నారు. పండగంటే వాళ్లకి ఏడాదిలో మొదటిసారి వేటకి పడవలు దింపే రోజు. ఆ రోజు అమ్మవారి ముఖం చూసి గాని ఒక్క పడవా కదలదు. ఊరి పెద్దలు ససేమిరా అన్నారు. ఒప్పించింది ఎర్రమ్మ.

ఎర్రమ్మ ఆ పాక ఊడ్చే మనిషి. చేపలమ్ముకునే ముసలామె. అమ్మవారి పాక ఊడ్చి దీపం పెట్టడం ఆ ఊళ్లో ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. వాళ్ల అత్త చేసి, ఆ తర్వాత ఆమె చేతికి వచ్చింది. ఊళ్లో ఆమెకున్న గౌరవమంతా ఆ చీపురే. మాస్టారి బావమరిది లారీ సాలూరు వెళ్తూ విగ్రహాన్ని మోసుకొచ్చింది. లారీ వెనకాల గడ్డి మీద, అమ్మవారిని ఒళ్లో పెట్టుకుని ఎర్రమ్మ కూర్చునుంది.

దిగుతూనే మా గదుల్ని కలియజూసి నన్ను పట్టుకుంది. "ఏటే అమ్మీ, ఈ కొట్టంలో గాలాడతాదా? మాయమ్మకి ఉక్క పోస్తాది."

"ఆడుతుంది. కిటికీలున్నాయి" అన్నాను.

"సముద్రం కనిపిస్తాదా?"

"విజయనగరంలో సముద్రం ఎక్కడిది?"

"అయితే అటేపుకి తిప్పి కూకోబెట్టు." ఎటువైపో తనే చేత్తో చూపించింది. సరిగ్గా తూర్పే చూపించింది.

తర్వాత మాస్టారి ఎదర నిలబడింది. కొంగు నడుముకి బిగించి ఉంది. "బాబూ, ఊరంతా వొద్దన్నారు. నానే మాటిచ్చేను. పండగనాటికి మాయమ్మ మా పాకలో ఉండాల."

"ఉంటాది."

"ఈ మొకంతోటే ఉండాల."

"ఉంటాదన్నాను కదేటి."

ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. అంత గట్టిగా ఆయన ఏ పెద్ద అధికారికీ మాటివ్వలేదు.

మట్టిగొట్టాలు రాల్చి, పీఠం అడుగున మందు పెట్టి, రాతి పలక మీద అమ్మవారిని కూర్చోబెట్టారు. కింద నల్ల కాగితం పరిచారు. మర్నాడు చూస్తే కాగితం శుభ్రంగా ఉంది. ఆ తర్వాత రోజూ అంతే. ఆయన ముఖం వెలిగిపోయింది. "లోపల ఏటీ లేదమ్మాయ్. బయటి దొంగే, లోపలికి దూరకుండా పట్టుకున్నాం." కణుపుతో కొడితే చప్పుడు మొద్దుగా వచ్చింది. ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేసుకుంటూ వచ్చారు కదా, ఆ మందానికి అలాగే వస్తుందన్నారు. ఎత్తితే తేలిగ్గా ఉంది. గుమ్మడిటేకు చెట్టు కర్ర, అది తేలికే కదా అన్నారు. ప్రతిదానికీ జవాబుంది. జవాబులు బాగా తెలిసిన మనిషికి ఉండే ఇబ్బందే అది.

చెవి వెనక ఒకచోట రంగు పెచ్చు లేచి, కింద పాత చెక్కడం కనిపించింది. జుట్టుపాయ, సన్నటి గీతలు. మాస్టారు భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. రంగు తీస్తే గాని మందు కర్రకి అందదన్నారు. అది నిజమే. కాని ఆ చేతి ఆత్రం నేను చూశాను. ఎవరో పేరు తెలియని పాతకాలపు వడ్రంగి చెక్కిన ముఖాన్ని తను మొదట చూడాలన్న ఆశ ఉంది అందులో. మందు కోసం సగం, ఆశ కోసం సగం. ఆ సగం లేకపోతే ఆయన ఆ ఉద్యోగంలో ఉండేవారే కాదు. అందుకే ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను, పట్టకుండానూ ఉండలేను.

టర్పెంటైన్‌లో ముంచిన దూది ఒత్తి, వెదురుబద్దతో రంగు లేపడం మొదలుపెట్టారు. వీపు మీద కర్ర గట్టిగానే ఉంది. భుజాలూ బాగున్నాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. నేను కాగితాలు టైపు చేసుకుంటున్నాను. ఉన్నట్టుండి జల్లెడలోంచి నువ్వులు పోసినట్టు చప్పుడు వినబడింది. చాలాసేపు ఆగలేదు.

వెళ్లి చూస్తే, అమ్మవారి ముఖం కొబ్బరిచిప్పలా మాస్టారి అరచేతిలో ఉంది. అది ఒట్టి రంగు. దాని వెనక కర్ర లేదు. తల నుంచి పొట్ట దాకా గుల్ల. ఆ గుల్లలోంచి గోధుమరంగు గింజలు నల్ల కాగితం మీదికి పోసుకుంటున్నాయి. గసగసాలంత గింజలు. కర్రని ఎప్పుడో తినేశాయి, రంగు మాత్రం వదిలేశాయి. ఇన్నాళ్లూ ఆ తల్లిని నిలబెట్టింది ఏటేటా ఊరివాళ్లు పూసిన రంగే.

మాస్టారు ఒక గింజ వేలికి అద్దుకుని భూతద్దంలో చూశారు. చూడక్కర్లేదు, ఆయనకి తెలుసు. అయినా చూశారు. "కర్రసెద" అన్నారు. "ఒక దొంగని పట్టుకున్నానని సంబరపడి రెండోవాణ్ణి ఎతకనేదు." ఆ చిప్పని కింద పెట్టడానికి చోటు కోసం వెతుక్కుంటుంటే ఆయన చేతిలోనే అది రెండుగా విరిగింది. నేను ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో అప్పుడు తెలియలేదు.

సింహాచలం మాత్రం వెంటనే మార్గం చెప్పాడు. "బాబూ, మా మావ వొడ్రంగి. ఇలాటిదే ఒకటి సెక్కీసి, మీద రంగేసీసి ఇచ్చీసేవంటే ఎవులికీ తెలీదు."

"నాకు తెలుస్తాది" అన్నారు మాస్టారు. పండగ ఇంకా దగ్గర పడలేదు. ఊరికి తనే వెళ్లి చెబుదామని కబురు రాయబోతుండగానే, అమ్మవారికి పసుపు పట్టుకుని ఎర్రమ్మ వచ్చేసింది. ఒంటరిగా వచ్చింది. చూసి పోదామని వచ్చిందట.

ఆమెకి అడ్డం వెళ్లి "ముందు కూర్చో అమ్మా, మంచినీళ్లు తాగు" అన్నాను. నన్ను పక్కకి తోసి లోపలికెళ్లింది. మాస్టారు ఏమీ దాచలేదు. ముక్కలు పరిచి ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్లి ఏం జరిగిందో, తను ఏం చేశారో, ఒక్కటీ తగ్గించకుండా చెప్పారు.

ఎర్రమ్మ గుండెలు బాదుకోలేదు. బల్ల పక్కన నేల మీద చతికిలబడి, ఆ గింజల్ని కొన్ని అరచేతిలోకి తీసుకుంది. "ఇవా?" అంది. "ఇవి రోజూ రాలీవి బాబూ. తెల్లారగట్ట పాక ఉడిసినప్పుడు రోజూ అమ్మ కాళ్ల కాడుండీవి. అమ్మ రాల్సిన గింజలనీసి ఎత్తి దాసీవోలం. కొత్త వల అల్లితే మూల ముడిలో రెండు గింజలు కట్టీవోలం. మా ఊర్లో ఇవి లేని వల నేదు."

మాస్టారు తలెత్తారు. "మరి ఇక్కడ ఒక్కటీ రాలనేదే!"

"ఎలా రాల్తాయి? అమ్మ ఊరు దాటి ఎల్తాదంటే కొత్త రంగు ఎయ్యమా? సిన్న సిన్న కంతలుంటే లక్క పెట్టి మూసీసి, ఒళ్లంతా రంగేసి మరీ ఇచ్చేం నీకు. పాత మొకంతో పంపుతామా?"

మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లు ప్రేమ కొద్దీ ఊడ్చారు, ప్రేమ కొద్దీ పూశారు. ఈయన ప్రేమ కొద్దీ గీకారు. ఆ విగ్రహాన్ని ఈ ముగ్గురిలో ఒక్కరు కొంచెం తక్కువ ప్రేమించినా బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

"నేనొస్తానమ్మా. మీ పెద్దల ముందర నేనే సెప్తాను. ఏ సిక్స ఏస్తే అది పడతాను" అన్నారాయన.

ఎర్రమ్మ గట్టిగా తల అడ్డంగా ఊపింది. "నువ్వు రాకు. కర్ర పుచ్చితే అమ్మని మేవే సముద్రంలో సాగనంపుతాం. మా మావ కాలంలో ఒకపాలి సేసేరు. కొత్త కర్ర తెచ్చి కొత్తమ్మని సేసుకుంటాం. దానికి బయ్యం నేదు. మనిసి సేత్తో అమ్మ మొకం ఊడదీసేడని తెలిసిందనుకో, ఈ ఏడు ఒక్కడూ పడవెక్కడు. ఎక్కినోడికి ఏటన్నా అయితే ఇంక ఎప్పటికీ ఎక్కడు. ఆల్ల పిల్లలేటి తింటారు?"

"మరి ఏటి సెప్తావు?"

"నానే తీసుకెల్తాను. అడ్డదారిలో ఉప్పునీటి కయ్య దాటినప్పుడు పడవలోంచి నా సేతిలోంచి జారి సముద్రంలో కలిసిపోనాదని సెప్తాను. అమ్మ తనంతట తాను పుట్టింటికెల్లిపోనాదంటే మావోలు ఏడుస్తారు గాని బయ్యపడరు." ముక్కలన్నీ కొత్త గుడ్డలో మూటకట్టి, గింజలు కూడా ఒక్కటి వదలకుండా కాగితంతో సహా చుట్టుకుని, చేపల గంపలో పెట్టుకుని వెళ్లింది. గుమ్మం దాటేటప్పుడు మాస్టారి వంక ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది.

కొత్తమ్మని చేయించుకున్నారని, పండగ జరిగిందని, పడవలు దిగాయని తర్వాత నౌపడా వైపు నుంచి వచ్చే ఉప్పు లారీ వాళ్లు చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. అమ్మవారిని జారవిడిచినందుకు ఎర్రమ్మ చేతిలోంచి చీపురు తీసేసుకున్నారట. కొత్త పాకలోకి ఆమెని రానివ్వడం లేదట.

అది విన్నాక ఆదివారం వచ్చేదాకా మాస్టారు స్థిమితంగా లేరు. "నువ్వు కూడా రా అమ్మాయ్, ఆడమనిషి పక్కనుంటే ఆవిడ వింటాది" అన్నారు. మా ఆయనది రైల్వే ఉద్యోగం కాబట్టి నాకు పాసుకి ఇబ్బంది లేదు. పాసింజరులో నౌపడా వెళ్లి, అక్కడినుంచి బండి కట్టించుకుని వెళ్లాం.

ఒడ్డున పెద్దలు ఒకచోట కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మాస్టారు వాళ్ల ముందు నిలబడి, చేతులు కట్టుకుని, గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు. "ఎర్రమ్మ తప్పు నేదు. అమ్మవారు జారిపోనేదు. నా సేతిలోనే పాడైపోనాది. రంగు గీకింది నేను, మొకం ఊడదీసింది..."

ఒక ముసలాయన చేతిలో వల ఆగింది. అందరి చేతులూ ఆగాయి. కొంచెం అవతల కుర్రాళ్లు పాట పాడుతూ పడవని అలల్లోకి నెడుతున్నారు, ఆ పాట కూడా ఆగింది. వాళ్లు పడవ మీద చేతులు వేసుకుని ఇటే చూస్తున్నారు.

ఎండుచేపలు తిరగేస్తున్న ఎర్రమ్మ అక్కడినుంచే నవ్వుతూ వచ్చింది. అంత పెద్దగా నవ్వే మనిషి కాదు ఆమె. "ఓలమ్మో, ఈ బాబు ఎంత మంచోడో సూడండి! నా సీపురు పోనాదని ఎవులు సెప్పేరో, నా మీద జాలితో ఇంత దూరమొచ్చి అబద్ధాలాడతన్నాడు. నా సేతిలోంచి జారిపోనాదిరా, నా సేతిలోంచే! నాను సెప్పనేదేటి?"

మాస్టారు ఏదో అనబోయారు. ఎర్రమ్మ ఆయన దగ్గరికొచ్చి, నాకూ ఆయనకీ మాత్రమే వినబడేలా అంది, "ఆ పడవ సూడు బాబూ. ఆగిపోనాది."

ఆయన చూశారు. నేనూ చూశాను. అల వచ్చి పడవ ముక్కుకి కొట్టుకుని వెనక్కి పోతోంది. ఒక్కరూ నెట్టడం లేదు.

వల పట్టుకున్న ముసలాయన అడిగాడు, "ఏటి బాబూ? ఏది నిజం?"

మాస్టారు నేల వంక చూస్తూ నిలబడ్డారు. చెప్పులు ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. చివరికి, "ఆవిడ సెప్పిందే నిజం. జాలికొద్దీ అలాగన్నాను" అన్నారు.

"సదువుకున్నోరు మీరు అలాగనకూడదు బాబూ" అన్నాడు ముసలాయన మెత్తగా. అటు తిరిగి కుర్రాళ్లకి చెయ్యి ఊపాడు. పాట మళ్లీ అందుకున్నారు, పడవ నీళ్లలోకి దిగింది. ఎర్రమ్మ మాకు మంచినీళ్లిచ్చింది. బండి దగ్గరికి దారి అమ్మవారి కొత్త పాక ముందునుంచే. ఎర్రమ్మ మాతో బండి దాకా వచ్చింది గాని, పాక దగ్గర పడగానే దారి వదిలి, చుట్టూ ఇసకలోంచి తిరిగి వచ్చింది.

రైలెక్కాక మాస్టారు కిటికీ వైపు కూర్చున్నారు. నేనే ఉండబట్టలేక, "పోనీలెండి, చెప్పాలని వెళ్లారు, చెప్పారు, మీ బాధ్యత తీరింది కదా" అన్నాను.

"ఏటి తీరింది అమ్మాయ్?" అన్నారు. "ఇన్నాళ్లూ ఆవిడ మాటొక్కటే ఉన్నాది. ఎవడికైనా అనుమానముంటే ఉండేది. సీపురు తిరిగి ఇప్పిద్దామనెల్లి, ఆవిడే పారేసిందని నా నోటితోనే సాక్ష్యం సెప్పొచ్చేను."